నగ చేయించుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: బంగారం, వెండి, రాళ్లు

పెళ్లిళ్ల సీజన్‌కి రెండు మూడు నెలల ముందు నుంచి మాకు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. ఒకరికి రాసిన జవాబునే కాపీ చేసి ఇంకొకరికి పంపుతున్నాం కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేశాం. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. షాపులో తయారుగా ఉన్న నగ కొనేవాళ్ల కంటే, డిజైన్ చెప్పి చేయించుకునేవాళ్లకి ఇవి ఎక్కువ పనికొస్తాయి.

## లోహం ఎంచుకునేటప్పుడు

22 క్యారెట్లలో చేయించుకోమంటారా, 18లోనా?

రాయిని ఎలా బిగిస్తారో దాన్ని బట్టి ఉంటుంది. 22 క్యారెట్లంటే వందకి 91.6 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి. 916 అనేది ఇందుకే. ఈ బంగారం మెత్తన. హారాలు, వడ్డాణాలు, కెంపుల నగలకి ఇదే బాగుంటుంది. వాటిలో రాయి చుట్టూ గోడ కట్టి అంచుని రాయి మీదికి నొక్కుతారు, మెత్తటి బంగారం చక్కగా లొంగుతుంది. వజ్రాల ఉంగరం సంగతి వేరు. అక్కడ రాయిని పట్టి ఉంచేవి సన్నటి కొక్కేలు. 22 క్యారెట్లలో అవి చీరకొంగుకి నాలుగుసార్లు తగులుకుంటే వంగిపోతాయి. 18 క్యారెట్లు, అంటే 750 బంగారం, గట్టిగా పట్టుకుంటుంది. "18 అంటే తక్కువ రకం" అని ఇంట్లో పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. రోజూ పెట్టుకునే వజ్రాల ఉంగరానికి మాత్రం మేం 18నే చేస్తామంటాం.

స్వచ్ఛమైన 24 క్యారెట్లతోనే చేయొచ్చు కదా?

బిస్కెట్‌గా దాచుకోవడానికి అది మంచిది, నగకి కాదు. గాజు చేయిస్తే నాలుగు రోజుల్లో సొట్టలు పడుతుంది. 24 క్యారెట్లు నగలో నిజంగా పనికొచ్చేది కుందన్ పనిలో. రేకులా సాగదీసిన మేలిమి బంగారాన్ని రాయి చుట్టూ నిప్పు లేకుండానే పొరలు పొరలుగా అదిమి బిగిస్తారు.

మా అమ్మ నగలన్నీ కేడీఎం అంటుంది. అంటే 916 కాదా?

కేడీఎం స్వచ్ఛతకి గుర్తు కాదు, అతుకు పెట్టే పద్ధతి. పాత టంకంలో రాగి, వెండి ఎక్కువ కలిసేవి, అతుకుల వల్ల నగ మొత్తం స్వచ్ఛత పడిపోయేది. కాడ్మియం కలిపిన టంకం వచ్చాక అతుకులో కూడా బంగారం 92 శాతం దాకా పెట్టగలిగారు. అయితే వేడి చేసినప్పుడు వచ్చే కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులని, మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. అందుకే ఆ పద్ధతి పక్కకి పోయింది. మీ అమ్మగారి నగ 22 క్యారెట్లే అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. పరీక్ష చేయిస్తేనే తేలుతుంది. ఇప్పటికీ ఎవరైనా "కేడీఎం అండీ, హాల్‌మార్క్ ఎందుకు" అంటే అక్కడ చేయించకండి.

వైట్ గోల్డ్, ప్లాటినం ఒకటేనా?

కాదు. వైట్ గోల్డ్ అంటే పల్లాడియం గానీ నికెల్ గానీ కలిపిన బంగారం, మామూలుగా 18 క్యారెట్లు, దాని మీద రోడియం అనే తెల్ల లోహం పూత. పూత అరిగితే లోపలి పసుపు ఛాయ బయటపడుతుంది, మళ్లీ వేయించుకోవాలి. నికెల్ పడని ఒళ్లయితే దద్దుర్లు వస్తాయి, ముందే అడగండి. ప్లాటినం స్వతహాగా తెలుపు, నగల్లో సాధారణంగా 95 శాతం ఉంటుంది. అది కరగడానికి 1,768 డిగ్రీల సెల్సియస్ కావాలి. బంగారానికి 1,064 చాలు. కాబట్టి ప్లాటినం ఉంగరం సైజు మార్చాలంటే మీ వీధి చివర ఆచారి గారి దగ్గర కుదరకపోవచ్చు.

వెండి మీద బంగారు పూత వేయిస్తే ఎన్నాళ్లుంటుంది?

పూత మందం ఎంతో, ఎలా వాడతారో చెప్తేనే లెక్క. మందం మైక్రాన్లలో అడగండి. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చెమట, సెంటు ఎక్కువ తగిలే ఉంగరాలకి, గాజులకి ముందు పోతుంది, చెవి కమ్మలకి ఎక్కువ కాలం నిలుస్తుంది. అడుగున 92.5 వెండి ఉంటే మళ్లీ పూత వేయించుకోవచ్చు, అమ్మితే వెండి ధర వస్తుంది. వన్ గ్రామ్ గోల్డ్‌కి ఆ విలువ ఉండదు, అక్కడ అడుగున ఉండేది రాగో ఇత్తడో. అలాగని దాన్ని తీసిపారేయక్కర్లేదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడిలో ఆ పని చేసేవాళ్ల చేతి నేర్పు చూస్తే, ఫంక్షన్‌కి ఒక్కసారి వేసుకునే సెట్‌కి లక్షలెందుకు అనిపిస్తుంది.

తులం అంటే 10 గ్రాములా, 11.66 గ్రాములా?

ఇప్పుడు మన మార్కెట్లో తులం అంటే 10 గ్రాములే. పాత లెక్కలో 11.66. గల్ఫ్ నుంచి తెచ్చే పది తులాల బిస్కెట్ ఇప్పటికీ పాత లెక్కే, 116.64 గ్రాములుంటుంది. కాసు అంటే 8 గ్రాములు. కాగితం మీద మాత్రం గ్రాముల్లోనే రాయించుకోండి.

## రాళ్ల దగ్గర

"జాతి కెంపు" అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి తేల్చలేం, మేం కూడా. కెంపు పేరుతో బజారులో కనీసం నాలుగు రకాలు తిరుగుతున్నాయి. మొదటిది భూమిలోంచి తీసినది, వేడి చేయనిది. చాలా అరుదు, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. రెండోది భూమిలోంచి తీసి, రంగు తేలడానికి వేడి చేసినది. ఇది లోకమంతా ఒప్పుకున్న పద్ధతి, మోసమేమీ కాదు. మూడోది పగుళ్లలో సీసం గాజు నింపినది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, ధర తక్కువ. కానీ టంకం మంట తగిలినా, నిమ్మరసంలాంటి పులుపు తగిలినా గాజు దెబ్బతిని పగుళ్లు తేలిపోతాయి. నాలుగోది ఫ్యాక్టరీలో చేసినది. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు, ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్న్యూయి ఈ పద్ధతిని 1902లోనే ప్రకటించాడు. "మా నాయనమ్మ కాలం నాటి రాయి, అసలుదే అయ్యుంటుంది" అనే మాట అందుకే చెల్లదు.

పది రెట్లు పెద్దగా చూపే లూప్ అనే భూతద్దంలో కొన్ని గుర్తులు దొరుకుతాయి. గుండ్రటి గాలి బుడగలు, వంపు తిరిగిన సన్నటి గీతలు ఉంటే ఫ్యాక్టరీది. రాయిని అటూ ఇటూ తిప్పుతుంటే లోపల నీలి మెరుపు తళుక్కుమంటే గాజు నింపినదన్న అనుమానం. ఖరీదైన రాయికి మాత్రం ల్యాబ్ సర్టిఫికెట్ అడగాల్సిందే. అందులో "సహజం" అన్న మాట ఒక్కటి చూసి ఆగకండి, ఏ ట్రీట్‌మెంట్ చేశారో రాసిన వరుస చదవండి. ఇంకో మాట. టెంపుల్ జ్యువెలరీలో వరుసగా పొదిగే చిన్న ఎర్ర రాళ్లు ఇప్పుడు చాలావరకు సింథటిక్‌వే, అంటే ఫ్యాక్టరీవే. ఆ నగ అందానికి అవి సరిపోతాయి, కెంపు ధర కట్టనంతవరకు.

పచ్చలో గీతలు, మచ్చలు కనిపిస్తున్నాయి. పగిలిందా?

గీతలు లేని పచ్చ కనిపిస్తేనే మాకు అనుమానం. పచ్చకి పుట్టుకతోనే లోపల గీతలుంటాయి, వాటిని కప్పడానికి నూనె పట్టించడం కూడా మామూలే. నూనె కొంచెమా, ఎక్కువా అన్నది సర్టిఫికెట్‌లో ఉంటుంది, ధర దాన్ని బట్టి మారుతుంది. వేలి గోటికి తగిలే గీత అయితే మాత్రం అది పైకి తేలిన పగులు, వద్దనండి.

పుష్యరాగం అడిగితే టోపాజ్ చూపిస్తున్నారు. రెండూ ఒకటేనా?

రెండూ వేర్వేరు ఖనిజాలు. జాతకం చూసి పెట్టుకోమనే కనకపుష్యరాగం పసుపు రంగు నీలమణి, అంటే కెంపు, నీలాల జాతికి చెందినదే. టోపాజ్ దానికంటే చాలా చవక. బిల్లులో తెలుగు పేరు పక్కన "యెల్లో సఫైర్" అని కూడా రాయించుకుంటే గొడవ ఉండదు.

ల్యాబ్‌లో చేసిన వజ్రం అసలు వజ్రమేనా?

అసలు వజ్రమే. అదే కర్బనం, అదే కాఠిన్యం, అదే మెరుపు. ఒకటి భూమి లోపల పెరిగింది, ఇంకొకటి యంత్రంలో. కంటితో గానీ మామూలు డైమండ్ టెస్టర్‌తో గానీ తేడా పట్టలేం, ల్యాబ్ యంత్రాలు కావాలి. తేడా అంతా ధరలో ఉంది. కొనేటప్పుడు చాలా తక్కువకి వస్తుంది, అమ్మబోతే ఇంకా తక్కువ. పెట్టుకోవడానికైతే హాయిగా తీసుకోండి. "రేపు కూతురికి ఆస్తిగా ఉంటుంది" అనుకుంటే తీసుకోకండి.

డైమండ్ టెస్టర్ పెడితే పచ్చ లైటు వెలిగింది. నమ్మొచ్చా?

ఆ పెన్ను రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో మాత్రమే కొలుస్తుంది. సీజెడ్‌ని, అంటే అమెరికన్ డైమండ్‌ని, పట్టిస్తుంది. మొయిసనైట్ అనే రాయి దాన్ని బోల్తా కొట్టిస్తుంది.

జొన్నగిరిలో దొరికిన రాయి మా ఇంట్లో ఉంది. ఉంగరంలో పొదుగుతారా?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతకడం, కొందరికి దొరకడం నిజమే. మెరిసే ప్రతి రాయీ వజ్రం కాదు, ఎక్కువగా అవి పలుగురాళ్లే. ముందు ల్యాబ్‌కి పంపండి. దయచేసి సుత్తితో కొట్టి చూడకండి. వజ్రం మీద గీత పడదు గానీ దెబ్బకి చీలిపోతుంది. నిజంగా వజ్రమే అయితే సానపట్టాలి, ఆ పని ఎక్కువగా సూరత్‌లో జరుగుతుంది. సానపట్టేసరికి బరువులో సగం పోయినా ఆశ్చర్యపోవద్దు.

హైదరాబాద్ ముత్యాలు హైదరాబాద్‌లోనే పుడతాయా?

లేదు, ముత్యాలు బయటి నుంచే వస్తాయి. నిజాంల కాలం నుంచి హైదరాబాద్‌కి పేరు తెచ్చింది ముత్యాలకి బెజ్జం వేయడం, జల్లెడ పట్టి సైజులు వేరు చేయడం, గుచ్చడం. ఒకప్పుడు గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీలో మీరు చూసేవి చాలావరకు చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. అవీ నిజం ముత్యాలే. ప్లాస్టిక్‌వో కాదో తెలియాలంటే రెండు ముత్యాలని ఒకదానికొకటి మెల్లగా రుద్దండి, అసలువి సన్న ఇసుకలా గరగరమంటాయి.

నవరత్నాల ఉంగరం రోజూ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ తొమ్మిదీ ఒకేలా ఉండిపోవు. కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, కెంపు, నీలం 9. పగడం 3 నుంచి 4, ముత్యం 2.5 నుంచి 4.5. మన ఇళ్లలో దుమ్ములో ఉండే ఇసుక రేణువులే 7 దాకా ఉంటాయి. అంటే టేబుల్ తుడిచినా ముత్యం, పగడం గీసుకుంటాయి. రోజూ వాడాలంటే లాకెట్‌గా చేయించుకోండి. ఉంగరమే కావాలంటే ఆ రెండు రాళ్లనీ కొంచెం లోపలికి దించి పొదగమని అడగండి.

## ఆర్డర్, బిల్లు

తరుగు, మజూరీ, వీఏ… ఇవన్నీ వేర్వేరా? బరువు ఎలా లెక్క కడతారు?

మజూరీ అంటే చేసినందుకు కూలి. తరుగు అంటే పనిలో పోయిందని చెప్పే బంగారం. చాలా షాపులు ఇప్పుడు రెండిటినీ కలిపి వీఏ (వాల్యూ ఎడిషన్) అని ఒక శాతం వేస్తున్నాయి. నక్షీ పనికి, అంటే రేకు మీద బొమ్మలు తేల్చే చేతిపనికి ఎక్కువ, మిషన్ గొలుసుకి తక్కువ. తరుగు మీద బేరం ఆడొచ్చు, అందరూ ఆడతారు. కానీ అసలు డబ్బు పోయేది అక్కడ కాదు, బరువు దగ్గర.

ఒక హారం తూకం 62 గ్రాములు అనుకోండి. అందులో రాళ్లు 40 క్యారెట్లు. రాళ్ల క్యారెట్ 0.2 గ్రాములు కాబట్టి 8 గ్రాములు. ముత్యాలు, పూసలు 4 గ్రాములు. మిగిలిన బంగారం 50 గ్రాములు, దీన్నే నెట్ వెయిట్ అంటారు. లెక్క సులువుకి గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. బంగారం 5,00,000. తరుగు 14 శాతం, అంటే 7 గ్రాములకి 70,000. రాళ్లకి, ముత్యాలకి విడిగా 60,000. మొత్తం 6,30,000. దాని మీద జీఎస్టీ 3 శాతం, 18,900. చేతికొచ్చే బిల్లు 6,48,900.

ఇప్పుడు అదే నగని 62 గ్రాములకీ బంగారం రేటు కట్టి "రాళ్లు ఫ్రీ" అంటే ఏమవుతుందో చూడండి. ఆ 12 గ్రాములకి 1,20,000, దాని మీద తరుగు 16,800. అరవై వేల రాళ్లకి మీరు కట్టింది 1,36,800. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నెట్ వెయిట్ మూడు వేర్వేరు గడుల్లో లేకపోతే సంతకం పెట్టకండి.

పాత బంగారం ఇస్తే ఎంత తగ్గిస్తారు?

తగ్గించడం కాదు, ఎంత స్వచ్ఛమైన బంగారం ఉందో తేల్చడం. పాత కాసులపేరు 50 గ్రాములు తెచ్చారనుకుందాం. రాళ్లు, లక్క, మట్టి తీసేస్తే 47. కరిగించి చూస్తే 84 శాతం. అంటే మేలిమి 39.48 గ్రాములు, 916 లెక్కన 43.1 గ్రాములు. యాభై ఇచ్చి నలభై మూడు వచ్చేసరికి చాలామంది టెన్షన్ పడతారు. పాత నగల్లో టంకం ఎక్కువ, అందులో మోసం లేదు. మీ ముందే కరిగించమనండి. కరిగించకుండా క్యారెట్ మీటర్ కింద పెట్టి చెప్పే అంకె నగ పై పొరది మాత్రమే. అమ్మమ్మ నగని కరిగించే ముందు ఒక ఫొటో తీసుకోండి. వీలైతే పాత రాళ్లు కొత్త నగలో పెట్టించుకోండి.

రేటు ఆర్డర్ ఇచ్చిన రోజుదా, నగ తీసుకునే రోజుదా?

మాట్లాడుకున్నదాన్ని బట్టి. మామూలుగా అడ్వాన్స్ కట్టినంత బంగారానికి ఆ రోజు రేటు, మిగతాదానికి డెలివరీ రోజు రేటు. ఇది కాగితం మీద ఉండాలి. రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారా కట్టండి.

చేయించిన నగకి కూడా హాల్‌మార్క్ ఉంటుందా?

ఉండాలి. నగ మీద మూడు గుర్తులు చూడండి. బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) త్రికోణం, స్వచ్ఛత, ప్రతి నగకీ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ కోడ్, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా కొత్త హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ కోడ్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛతతో పాటు అది ఏ రకం నగో కూడా వస్తుంది. చేతిలో హారం ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే నిలదీయండి.

మినహాయింపులున్నాయి. 2 గ్రాముల లోపు నగలకి, కుందన్, పోల్కీ (సానపట్టని వజ్రాలు పొదిగినవి), జడావు (రాళ్లు అదిమి పొదిగినవి) పనికి, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లకి తప్పనిసరి కాదు. ఊళ్లో ఆచారి గారి చేత చేయించుకుంటే ముద్ర ఉండకపోవచ్చన్నమాట. అప్పుడు నగని మీరే హాల్‌మార్కింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి పరీక్ష రిపోర్టు తెచ్చుకోవచ్చు, ఖర్చు కొద్దిపాటే. ఏదైనా సరే, హాల్‌మార్క్ బంగారం గురించే చెప్తుంది, రాళ్ల గురించి కాదు.

మేం అమెరికాలో ఉంటాం. వీడియో కాల్‌లో చూసి ఆర్డర్ ఇవ్వొచ్చా?

డిజైన్‌కి ఇవ్వొచ్చు. రాయి రంగు మాత్రం ఫోన్‌లో చూసి ఖాయం చేయకండి. షాపు లైటు కింద కెంపు మండిపోతుంటుంది, అదే కిటికీ దగ్గర గులాబీ రంగులో ఉంటుంది. ఇక్కడున్న అక్కనో పిన్నినో ఒకసారి పగటి వెలుతురులో చూసి రమ్మనండి.

## తయారవుతున్నప్పుడు

నక్షీ పని చేత్తో చేసిందా, కాస్టింగా? ఎలా పట్టుకోవాలి?

వెనక్కి తిప్పండి. చేతి పనిలో పల్చటి రేకుని లక్క మీద పెట్టి చిన్న ఉలులతో కొడుతూ బొమ్మ తేలుస్తారు. ముందు లక్ష్మీదేవి ఎత్తుగా ఉంటే వెనక అదే ఆకారం గుంటగా ఉంటుంది. వరుసలో రెండు లక్ష్ముల ముఖాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ఒకరి ముక్కు కొంచెం సూదిగా, ఒకరి కళ్లు కొంచెం పెద్దగా ఉంటాయి. కాస్టింగ్‌లో మైనం బొమ్మ చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోస్తారు. అన్నీ ఒకేలా వస్తాయి, బరువు కూడా ఎక్కువ. కాస్టింగ్ తప్పేమీ కాదు, చేతి పని కూలి తీసుకుని కాస్టింగ్ ఇవ్వడం తప్పు.

ఓపెన్ సెట్టింగా, క్లోజ్డ్ సెట్టింగా?

ఖరీదైన రాయి అయితే వెనక తెరిచి ఉంచమనండి, అదే ఓపెన్. వెలుతురు వెళ్తుంది, ఎప్పుడైనా పరీక్షించుకోవచ్చు, శుభ్రం చేయొచ్చు. పాత పద్ధతి కెంపుల నగలకి, రాళ్లు ఒత్తుగా పొదిగే పచ్చి వర్క్‌కి క్లోజ్డ్‌లోనే, అంటే వెనక మూసేస్తేనే నిండుతనం వస్తుంది. రాయి కింద పెట్టే మెరుపు రేకే దానికి కారణం.

ఎన్నాళ్లు పడుతుంది?

ఉంగరం, కమ్మలు రెండు మూడు వారాలు. నక్షీ హారానికో వడ్డాణానికో రెండు నెలలు ఇవ్వండి. గుట్టపూసల హారానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది, అంచు పొడవునా వేలాడే ఆ చిన్న ముత్యాల గుత్తులన్నీ ఒక్కొక్కటిగా చేత్తో కట్టాలి. ముహూర్తానికి వారం ముందు కాదు, నెల ముందు చేతికొచ్చేలా చూసుకోండి. బ్లౌజు మెడకి హారం సరిపోక మార్చాల్సి రావడం మామూలే.

## వేసుకోవడం మొదలుపెట్టాక

ఇంట్లో ఎలా కడగాలి?

రాళ్లు లేని బంగారాన్ని గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా కుంకుడు రసం గానీ మెత్తటి షాంపూ గానీ వేసి, పాత మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. ముత్యాలని, పగడాలని తడిగుడ్డతో తుడవండి అంతే. పచ్చలని వేడి నీళ్లలో పెడితే నూనె పోతుంది. కుందన్ నగ లోపల లక్క ఉంటుంది, వేడి తగిలితే మెత్తబడి రాళ్లు కదులుతాయి. షాపులో అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేస్తామంటే ముందు రాళ్లేమిటో చెప్పండి. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకున్నాకే నగ పెట్టుకోండి.

కెంపులు నల్లబడ్డాయి. రాయి మారిపోయిందా?

రాయి నల్లబడలేదు, కింద రేకు నల్లబడింది. క్లోజ్డ్ సెట్టింగ్‌లోకి నీళ్లు, షాంపూ దిగితే రేకు చెడుతుంది. రాయి ఊడదీసి కొత్త రేకు వేస్తే మునుపటిలా వస్తుంది. స్నానానికి తీసి పక్కన పెట్టడం ఒక్కటే నివారణ.

నగ తిరిగి అమ్మితే రాళ్లకి ఏమిస్తారు?

సీజెడ్‌కి, సింథటిక్ కెంపులకి ఏమీ రాదు. బరువులో తీసేస్తారు. సర్టిఫికెట్ ఉన్న సహజ వజ్రానికి, కొన్న చోటే ఇస్తే, వాళ్లు రాసిచ్చిన బైబ్యాక్ షరతు ప్రకారం వస్తుంది. పచ్చలు, కెంపులకి కొనేవాడు దొరికితేనే ధర. లక్క బరువు కూడా పోతుంది.

రాయి కదులుతున్నట్టుంది. ఇంట్లో ఏమైనా చేయొచ్చా?

నగని చెవి దగ్గర పెట్టి మెల్లగా ఆడించండి. టిక్ టిక్ మంటే సెట్టింగ్ వదులైంది. ఫెవిక్విక్ మాత్రం వేయకండి. ఆ జిగురు వదిలించాలంటే అసిటోన్‌లో నానబెట్టాలి, పక్కనున్న ముత్యాలకి అది మంచిది కాదు. చిన్న జిప్ కవర్లో వేసి అలాగే తీసుకురండి, బిగించడం పది నిమిషాల పని. రాయి ఇప్పటికే ఊడి పడిపోయి ఉంటే గదిలో లైట్లు ఆపేసి, సెల్‌ఫోన్ టార్చ్‌ని నేల మీద అడ్డంగా పెట్టి వెతకండి, మెరుస్తుంది. చీపురు మాత్రం పట్టుకోకండి.